గొంతు విన్నాము, మాట వినలేదు

గత సంవత్సరం మన దేవాలయ మండపంలో సత్యహరిశ్చంద్ర పద్యనాటకాన్ని ప్రదర్శించాము. వచ్చినవారు మెచ్చుకొన్నారు, చప్పట్లు కొట్టారు, నటీనటులతో ఫోటోలు తీయించుకొన్నారు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రదర్శనలో నాకు కనిపించిన లోపం రంగస్థలం మీద పుట్టినది కాదు. అంతకు నాలుగు నెలల ముందు, పాత్రల ఎంపిక జరిగిన ఆదివారం నాడే అది పుట్టింది. ఆ రోజు న్యాయనిర్ణేతలుగా కూర్చున్న ముగ్గురిలో నేనొకడిని. అందుచేత తప్పులో నా వంతు ముందుగా ఒప్పుకొని ఈ విమర్శ రాస్తున్నాను. ఈ సంవత్సరం నాటకానికి కూడా త్వరలో ఎంపిక జరగబోతోంది గనుక ఇప్పుడే చెప్పడం మేలు.

పద్యనాటకం ఎన్నడూ చూడని పిల్లల కోసం రెండు మాటలు. ఇది తెలుగువారి సంగీత నాటకం. పాత్రలు మామూలు సంగతులను వచనంలో మాట్లాడుతాయి. మనసు కదిలిన చోట, వాదన ముదిరిన చోట పద్యం ఎత్తుకొంటాయి. పక్కన హార్మోనియం శ్రుతి ఇస్తుంది. బళ్ళారిలో న్యాయవాదిగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు పందొమ్మిదవ శతాబ్దం చివర తన నాటకాలలో పాత్రల చేత పద్యాలు, పాటలు పాడించి ఈ పద్ధతికి బలం చేకూర్చాడు. ఆయనను ఆంధ్ర నాటక పితామహుడని పిలుస్తారు. ఆ కాలంలోనే, 1885లో, కడప జిల్లాలోని సురభి గ్రామంలో ఒక కుటుంబం నాటకాలాడడం మొదలుపెట్టింది. ఆ ఊరి పేరే నాటక సమాజానికి పేరయింది. హరిశ్చంద్రుని కథను పలువురు నాటకంగా రాశారు. వాటిలో బలిజేపల్లి లక్ష్మీకాంతం రచన జనం నోళ్ళలో ఎక్కువగా నిలిచింది.

కథ మీకు తెలిసినదే. అయోధ్య రాజు హరిశ్చంద్రుడు విశ్వామిత్రునికి రాజ్యమంతా ఇచ్చి, ఆపైన ఋణపడతాడు. ఆ ఋణం రాబట్టడానికి నక్షత్రకుడనే శిష్యుడు నీడలాగా వెంట తిరిగి వేధిస్తాడు. కాశీలో రాజు తన భార్య చంద్రమతిని, కుమారుడు లోహితాస్యునితో సహా, కాలకౌశికునికి అమ్ముతాడు. తాను కాటికాపరి వీరబాహువుకు అమ్ముడుపోతాడు. పాముకాటుకు చనిపోయిన కుమారుణ్ణి చంద్రమతి శ్మశానానికి తెస్తే, ఆమె ఎవరో తెలియక కాటి సుంకం అడుగుతాడు. ఆడిన మాట తప్పనందుకు ఇంత జరుగుతుంది.

ఇక ఎంపిక నాటి సంగతి. ఆ రోజు ఇరవైకి పైగా యువతీయువకులు వచ్చారు. మా ముందు ఒక మార్కుల పట్టిక ఉంది. అందులో ఐదు గళ్ళు: శ్రుతి, లయ, కంఠస్వరం, జ్ఞాపకశక్తి, రూపం. ఒక్కొక్క గడికి పది మార్కులు. ఆ పట్టికను తయారు చేసినవాడిని నేనే. నలభై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాడికి గళ్ళు గీయడం వచ్చినంత బాగా మరొకటి రాదు. అర్థానికి ఒక గడి ఉండాలని నాకు గాని, మిగిలిన ఇద్దరికి గాని తోచలేదు.

చంద్రమతి పాత్రకు చివరికి ఇద్దరమ్మాయిలు మిగిలారు. మొదటి అమ్మాయి ఫోనులో ఒక పాత ప్రదర్శనను విని, ఎడబాటు పద్యాన్ని ఉన్నదున్నట్లు నేర్చుకొని వచ్చింది. రాగం ఎక్కడ సాగాలో అక్కడ సాగింది, గమకం ఎక్కడ పడాలో అక్కడ పడింది. మండపంలో అందరూ మౌనంగా విన్నారు. రెండవ అమ్మాయి గొంతు కొంచెం బొంగురు. ఆమె పద్యం రాసుకొన్న కాగితం పట్టుకొని నిలబడి, పాడకుండా నన్నే అడిగింది: "మాస్టారూ, ఈ మాట చంద్రమతి భర్తతో అంటోందా, కొడుకుతో అంటోందా? అది తెలిస్తే పాడతాను." మాలో ఒకరు నవ్వుతూ, "ముందు పాడమ్మా, తరువాత చెబుతాములే" అన్నారు. ఆమె పాడింది. మూడవ పాదంలో శ్రుతి జారింది. మొదటి అమ్మాయికి యాభైకి నలభై ఆరు, రెండవ అమ్మాయికి ఇరవై తొమ్మిది. కింద నా సంతకం ఉంది. రెండవ అమ్మాయిని తెర వెనుక ప్రాంప్టింగ్ చెప్పడానికి నియమించాము.

ఇప్పుడు ప్రదర్శనను పరిశీలిద్దాము. మంచిని ముందు చెప్పాలి. హార్మోనియం వాయించిన పెద్దాయన ఎవరి గొంతుకు తగిన శ్రుతి వారికి ఇచ్చి, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. లోహితాస్యుడుగా నటించిన పసివాడు చనిపోయిన తరువాత నిజంగానే కదలకుండా పడుకొన్నాడు; పెద్ద నటులకు కూడా అది సులభం కాదు. అందరికంటె నన్ను ఆశ్చర్యపరచినవాడు నక్షత్రకుడు. ఆ కుర్రవాడి పాట సాధారణమే. కాని అతడు డబ్బు అడిగిన ప్రతిసారి సభలో నవ్వులు వినిపించాయి. దృశ్యాల మధ్య క్రియోల్ భాషలో చెప్పే వ్యాఖ్యానం కోసం ఎవరూ ఎదురుచూడలేదు. తరువాత విచారిస్తే తెలిసింది: అతని తాతగారు ఇంట్లో ఒక్కొక్క మాటకు అర్థం చెప్పి, ఆ మాటనే అప్పులవాడు గుమ్మం ముందు నిలబడి ఎలా అడుగుతాడో క్రియోల్‌లో అనిపించి, ఆ తరువాతనే తెలుగులో చెప్పించారట. ఆ పాత్రకు ఎంపిక ఇంట్లోనే సరిగ్గా జరిగింది.

చంద్రమతిని అమ్మే దృశ్యానికి వచ్చేసరికి సభ మరొక తీరుగా మారింది. అందరూ సంగీత కచేరీ విన్నట్లు విన్నారు. తల్లి భర్తను విడిచి వెళ్ళిపోతోంది. కాని ఆమె భర్త వైపు చూడలేదు. మైకు వైపు చూసింది. రాగం తీయడానికి ఒక సమాసం మధ్యలో ఊపిరి తీసుకొంది. దానితో మాట రెండు ముక్కలయింది, రెండు ముక్కలకూ అర్థం లేకుండా పోయింది. ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. తెలుగు పద్యంలో యతి అంటే ఆగే చోటు కాదు. అది అక్షరానికి అక్షరానికి మధ్య ఉండే మైత్రి. గాయకుడు ఆగవలసింది మాట పూర్తయిన చోట, భావం మలుపు తిరిగిన చోట. కనుక అర్థం తెలియనివారికి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా తెలియదు. అర్థం, సంగీతం వేరువేరు గళ్ళని మేము అనుకొన్నాము. నిజానికి ఆ రాత్రి సంగీతం దెబ్బతిన్నది కూడా అర్థం తెలియకనే.

పద్యం ముగియగానే చప్పట్లు మోగాయి. ఆ పిల్ల చిరునవ్వు నవ్వింది. అమ్ముడుపోతున్న చంద్రమతి ముఖంలో చిరునవ్వు! నా పక్కన కూర్చున్న ముసలామె మాత్రం చప్పట్లు కొట్టలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధపడి వచ్చి, అవసరం లేక కొంగు దించుకొంది.

తప్పు ఆ పిల్లదని చదువరులు అనుకోకూడదు. నాటకం ముగిసి, రంగులు కడుక్కొన్న తరువాత ఆమె నా దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా అడిగింది: "మాస్టారూ, ఆ పద్యంలో చంద్రమతి అసలు ఏమంటోంది?" నాలుగు నెలల రిహార్సళ్ళలో ఆ పిల్లకు మేము శ్రుతి సరిచేశాము, చీర కట్టు సరిచేశాము, నిలబడే చోటు సున్నంతో గీసి చూపించాము. ఆ ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా, అడిగితే తెలుగు రాదనుకొంటారని భయపడి అడగలేదు. ఎంపిక నాడు అడిగిన పిల్ల గతి ఏమయిందో ఆమె చూసింది కదా.

రాగం గొప్పదా, భావం గొప్పదా అన్న తగవు మనతో మొదలైనది కాదు. తెలుగు నాటకరంగం పుట్టినప్పటి నుంచి ఇది నడుస్తూనే ఉంది. మైకులు లేని రోజుల్లో చివరి వరుసలోని రైతుకు కూడా వినబడాలి గనుక నటులు హెచ్చు శ్రుతిలో పాడేవారు. జనం 'వన్స్ మోర్' అని కేకవేస్తే, కథ ఎక్కడ ఉన్నా సరే, అదే పద్యాన్ని మళ్ళీ పాడేవారు. శోకంలో ఉన్న తల్లి కూడా శోకాన్ని ఆపి, మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకొనేది. దీనిని గట్టిగా వ్యతిరేకించినవారిలో బళ్ళారి రాఘవ ముఖ్యుడు. నటుడు పాత్రగా మారాలి, రాగాలాపన కథను మింగివేయకూడదు అన్నది ఆయన పక్షం. మరొక వైపు, పద్యగానంతోనే లక్షలమందిని మెప్పించిన నటులూ ఉన్నారు. వారి గొప్పతనం రాగం ఎంతసేపు తీశారన్న దానిలో లేదు. ఏ మాట మీద తీశారన్న దానిలో ఉంది.

ఎంపిక విషయంలో నాకు ఎప్పుడూ గుర్తుకు వచ్చేది స్థానం నరసింహారావు. స్త్రీ పాత్రలకు పేరుపొందిన ఆ నటుడు రంగస్థలం మీద నిలబడింది ఏ పోటీలోనూ నెగ్గి కాదు. బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడవలసిన రోజున చంద్రమతి పాత్రధారి రాకపోతే, ఆ పాత్రను ఆయన చేత వేయించారు. మన పట్టిక అక్కడ ఉండి ఉంటే రూపం గడిలో ఆయనకు ఎన్ని మార్కులు పడేవో నాకు తెలియదు.

ఇంతవరకు చదివిన కొందరు నన్ను నిలదీయవచ్చు: "మన పెద్దలు రామభజనలు అర్థం తెలిసే పాడారా? తెలుగు మాట్లాడడం ఆగిపోయిన ఇళ్ళలో కూడా పాట ఆగలేదు. ఆ శబ్దమే కదా మన భాషను ఇంతవరకు మోసుకొచ్చింది?" ఈ ప్రశ్న న్యాయమైనది. నేను దానిని తేలికగా తీసివేయను, ఎందుకంటే నేను కూడా ఆ ఇంటివాడినే. మా నాయనమ్మ చెరకు తోటలో పనిచేసింది. సంతకం చేయడం రాదు. శనివారం సాయంత్రం దీపం చుట్టూ తిరుగుతూ ఆమె పాడిన పాటల్లో సగం మాటలకు అర్థం ఆమెకే తెలియదు. నేను అడిగితే "దేవుడికి తెలుసురా" అనేది. నేను ఆ అర్థాలు నేర్చుకొన్నది పెద్దవాడినయిన తరువాత, సాయంకాల తరగతిలో, నా పిల్లల వయసు ఉపాధ్యాయురాలి దగ్గర. ఆమె పాడి ఉండకపోతే ఆ తరగతికి వెళ్ళాలని నాకు తోచేది కాదు. శబ్దానికి నేను ఋణపడి ఉన్నాను.

కాని ఒక భేదం ఉంది. నాయనమ్మకు ప్రతి మాట అర్థం తెలియకపోయినా, ఎవరిని పిలుస్తోందో తెలుసు, ఎందుకు పిలుస్తోందో తెలుసు. ఆమె పాట ఎవరి వైపో తిరిగి ఉండేది. మన చంద్రమతి పాట మైకు వైపు తిరిగింది. భక్తుడు దేవుణ్ణి పిలిచే పాటలో ఆ పిలుపు ఒక్కటే చాలవచ్చు. నాటకంలో చాలదు. అక్కడ ఒక మనిషి మరొక మనిషితో ఒక మాట అంటాడు, ఆ మాట వల్ల ఏదో ఒకటి మారుతుంది. అది మారకపోతే నాటకం జరగలేదన్న మాట.

మన ద్వీపంలో ఈ నాటకాన్ని అర్థం లేకుండా పాడుకోవడం నాకు మరీ బాధ కలిగించడానికి కారణం ఉంది. 1834 నుంచి పోర్ట్ లూయిస్ రేవులో దిగినవారు, ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అని పిలుస్తున్న ఆ మెట్లు ఎక్కినవారు, ఐదేళ్ళ ఒప్పందానికి, నెలకు ఐదు రూపాయల కూలికి కట్టుబడి వచ్చారు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన మన తెలుగువారు కూడా అలాగే వచ్చారు. హరిశ్చంద్రుడు సత్యం కోసం అమ్ముడుపోయాడు. మనవారు ఆకలి వల్ల, అప్పుల వల్ల, కొందరు మోసపోయి వచ్చారు. రెండూ ఒకటని నేననను. అయినా భార్య ఒక యజమాని ఇంటికి, భర్త మరొక యజమాని దగ్గరికి వెళ్ళే ఆ దృశ్యం ఈ నేల మీద ఆడినప్పుడు, సభలో ప్రతి కుటుంబానికి చెప్పుకోని కథ ఒకటి గుర్తుకు రావాలి. నా పక్కన ముసలామె కొంగు సిద్ధం చేసుకొన్నది అందుకే. అది మేము ఆమెకు ఇవ్వలేకపోయాము.

కాటి దృశ్యం సంగతి కూడా అంతే. ఆ దృశ్యంలో నటులు తరతరాలుగా గుర్రం జాషువా రాసిన శ్మశానవాటి పద్యాలను చేర్చి పాడుతున్నారు. జాషువా అంటరానితనం వల్ల అవమానాలు అనుభవించిన కవి. మరణం ముందు రాజు, పేద అందరూ సమానమేనన్న భావాన్ని అటువంటి కవి పలికితే దానికి ఉండే బరువు వేరు. మన హరిశ్చంద్ర పాత్రధారి ఆ పద్యాలను చక్కని గొంతుతో పాడాడు. వాటిని రాసినవారెవరో అతనికి తెలియదని తరువాత తెలిసింది. తెలిసి ఉంటే ఒక్క మాట దగ్గరైనా గొంతు తగ్గించి ఉండేవాడు.

అర్థమైన నాటకం ఏమి చేయగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. గుజరాత్‌లో ఒక బాలుడు హరిశ్చంద్ర నాటకం చూసి, దానిని మనసులో లెక్కలేనన్ని సార్లు ఆడుకొన్నాడు, ఏడ్చాడు, అందరూ హరిశ్చంద్రుని వలె సత్యవంతులు ఎందుకు కాకూడదని తనను తాను ప్రశ్నించుకొన్నాడు. ఆ బాలుడే పెద్దవాడై 1901లో మన ద్వీపానికి వచ్చాడు. ఆయన మహాత్మా గాంధీ. ఆ సంగతి తన ఆత్మకథలో ఆయనే రాసుకొన్నాడు. ఆ నాటకంలో ఎవరి శ్రుతి ఎలా ఉందో మాత్రం ఆయన చెప్పలేదు.

కాబట్టి ఈ సంవత్సరం ఎంపికలో మూడు మార్పులు చేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటిది: పద్యాన్ని రెండు వారాల ముందే, తెలుగు లిపిలో, ప్రతిపదార్థంతో, తాత్పర్యంతో అభ్యర్థులకు ఇవ్వాలి. ఫ్రెంచి అక్షరాల్లో రాసుకొన్న పద్యంలో 'కల'కు, 'కళ'కు తేడా తెలియదు. ఒకటి నిద్రలో వచ్చేది, మరొకటి సాధనతో వచ్చేది. రెండవది: పాడే ముందు అభ్యర్థి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎవరు అంటున్నారు? ఎవరితో అంటున్నారు? అన్న తరువాత ఏమి మారుతుంది? జవాబు క్రియోల్‌లో చెప్పినా, ఫ్రెంచిలో చెప్పినా మార్కులు తగ్గించకూడదు. మనం పరీక్షిస్తున్నది వారి తెలుగు సంభాషణను కాదు, ఆ పాత్ర పట్ల వారి అవగాహనను. మూడవది: అభ్యర్థి మమ్మల్ని ప్రశ్న అడిగితే పాట ఆపి జవాబు చెప్పాలి, ఆ ప్రశ్నకు కూడా మార్కులు వేయాలి.

దీనివల్ల మంచి గొంతులు పోతాయని భయపడనవసరం లేదు. నలభై ఆరు మార్కులు వచ్చిన పిల్లకు అర్థం చెబితే ఆమె మరింత బాగా పాడుతుంది. శ్రుతి జారిన పిల్లకు నాలుగు నెలలు సాధన చేయిస్తే శ్రుతి నిలుస్తుంది. రెండూ నేర్పదగినవే. వాటిలో ఒకదానిని మాత్రమే నేర్పి, రెండవ దానిని అడిగిన పిల్లను తెర వెనుకకు పంపాము.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలు ఇంట్లో ఫోనులో పద్యం వింటూ పాడుతుంటే, బాగుందని మెచ్చుకొన్న తరువాత, "ఎవరితో అంటోందమ్మా?" అని ఒక్క మాట అడగండి. మీకు కూడా తెలియకపోతే సిగ్గుపడవద్దు. పిల్లలను వెంటబెట్టుకొని సాయంకాల తరగతికి రండి. నేను యాభై దాటిన తరువాత వచ్చాను. నా పక్క బల్ల మీద ఎనిమిదేళ్ళ పాప కూర్చొని నా గుణింతాలు దిద్దేది.

చంద్రమతిగా నటించిన అమ్మాయి ఇప్పుడు ఆ తరగతికి వస్తోంది. గత నెలలో ఎడబాటు పద్యానికి పదవిభజన చేసి, తాత్పర్యం తన మాటల్లో రాసి నాకు చూపించింది. తరువాత తన చోటులోనే కూర్చొని, రాగం లేకుండా, మాటలుగా చదివింది. అది విన్నవారు ఇద్దరే: నేను, ఆ రోజు ప్రశ్న అడిగిన రెండవ అమ్మాయి. ఈ సంవత్సరం ఎంపికకు ఇద్దరూ పేర్లు ఇచ్చారు. పట్టికలో కొత్త గడి గీశాను. న్యాయనిర్ణేతగా మరొకరిని నియమించమని కార్యవర్గానికి చెప్పాను. నేను పిల్లలకు అర్థాలు చెప్పే పనిలో ఉంటాను.